రోమన్ బంగారం, మన ఇనుప మేకు
(స్మారకోపన్యాస పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ఆంధ్రదేశం, రోమన్ వర్తకం’. ఈ మాట వినగానే మనందరికీ నోటికొచ్చే పాఠం ఒకటుంది. బంగారు నాణేలు, మసాలియా (మన కృష్ణాతీరం) సన్నబట్టలు, ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్ము ఇండియా లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ పెట్టిన గోల. ఆ పాఠం తప్పేమీ కాదు. చెప్పీ చెప్పీ అరిగిపోయింది, అంతే. దాన్ని త్వరగా దాటేసి, తవ్వకాల్లో బుట్టలకొద్దీ దొరికినా ఎవరూ రెండోసారి చూడని ఒక వస్తువు దగ్గర ఆగుతాను. అది ఇనుప మేకు. దాని చుట్టాలు కొన్ని ఉన్నాయి: తలుపు బందు, గడియ, గుబ్బ, కొక్కెం, రోకలి పొన్ను, బండి ఇరుసుకి కొట్టే కడసీల.

ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ మాష్టారికి ఈ ఎంపిక నచ్చుతుందనే నా నమ్మకం. రాజుల వరస చెప్పిన పిల్లవాణ్ణి ఆయన మెచ్చుకునేవారు. మెచ్చుకున్నాక, “సరేరా, ఆ రాజుగారి తలుపు దేంతో బిగించారు?” అని అడిగేవారు. జవాబు ఎవరికీ తెలిసేది కాదు. ఆ ప్రశ్నని ఇవాళ కాస్త సీరియస్‌గా తీసుకుందాం.

ముందు బంగారం సంగతి. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ఆయన వాటిని పాత బంగారం ధరకి అమ్ముకున్నాడు. చాలా వరకు కంసాలి మూసలో కరిగిపోయాయి. ముప్పై చిల్లర మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చేరి మిగిలాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఈ సంగతి ఉత్తరం రాశాడు గనక మనకి తెలిసింది. మన వినుకొండలో దొరికిన నిక్షేపంలో టైబీరియస్ నుంచి కారకల్లా దాకా చక్రవర్తుల ముఖాలున్నాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి, వాటిని చూసి మట్టితో ఒత్తుకున్న బిళ్ళలూ దొరికాయి. మెళ్ళో వేసుకోవడానికి చిల్లు పెట్టుకున్న బిళ్ళలవి. బంగారం అందని వాళ్ళు మట్టితో సరదా తీర్చుకున్నారన్నమాట. నాకు బంగారు నాణెం కంటే ఆ మట్టిబిళ్ళ మీదే గౌరవం.

నాణెం ఎంత అందమైనదైనా ఒక విషయంలో మూగది. అది ఎక్కడ తయారైందో చెబుతుంది, ఎవరి కాలంలోనో చెబుతుంది, కుండలో ఎప్పుడు దాచారో కొంతవరకు చెబుతుంది. ఆ కుండ దాచిన ఇల్లు ఎలాంటిదో చెప్పదు. ఇంటి తలుపు ఎంత మందమో, కప్పు కర్రదో గడ్డిదో, సరుకు పెట్టెల్లో వెళ్ళిందో మూటల్లో వెళ్ళిందో చెప్పదు. పైగా నాణెం నడుస్తుంది, చేతులు మారుతుంది, వంద సంవత్సరాల తర్వాత వెయ్యి మైళ్ళ అవతల తేలుతుంది. మేకు అలా కాదు. కొట్టిన చోటే ఉంటుంది. కర్ర పుచ్చి మట్టిలో కలిసిపోయినా మేకు దాదాపు ఆ జాగాలోనే పడి ఉంటుంది.

మేకుని చదవడం ఎలాగో రోమ్ పురావస్తువేత్తల దగ్గర నేర్చుకోవాలి. స్కాట్లండ్‌లో ఇంచ్‌టుథిల్ అని ఒక రోమన్ సైనిక శిబిరం ఉండేది. క్రీ.శ. 83 ప్రాంతంలో మొదలుపెట్టి, నాలుగైదేళ్ళకే వదిలేసి వెళ్ళారు. 1952 నుంచి 1965 వరకు ఇయాన్ రిచ్‌మండ్ బృందం అక్కడ తవ్వింది. కార్ఖానా నేలలో లోతైన ఒక గొయ్యి కనిపించింది. దాన్నిండా ఇనుప మేకులు. లెక్క పెడితే 8,75,000 దాటాయి. రెండు అంగుళాల మేకు దగ్గర్నుంచి పదహారు అంగుళాల దాకా, సైజు వారీగా. ఇంత సరుకు ఎందుకు పాతిపెట్టారంటే, మోసుకుపోవడం కష్టం, వదిలిపెడితే శత్రువు చేతికి కత్తులకి కావలసిన ఇనుము దొరుకుతుంది. గోతి అంచున ఉన్న మేకులు తుప్పుపట్టి ఒకే చట్టుగా గట్టిపడ్డాయి. ఆ చట్టు కవచమై లోపలి మేకుల్ని కాపాడింది. దాదాపు పందొమ్మిది వందల ఏళ్ళ తర్వాత అవి కొత్తవాటిలా బయటికొచ్చాయి. అణు వ్యర్థాల్ని వేల సంవత్సరాలు లోహపు పీపాల్లో దాచడం ఎలాగని ఆలోచించే శాస్త్రజ్ఞులు కూడా ఆ మేకుల్ని పరీక్షకి తీసుకున్నారు. మేకులంటే చులకన అనుకునేవాళ్ళకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక రోమన్ సైనికుడి చెప్పు. కాలిగా అనే ఆ చెప్పు అడుగున వరసగా గుండ్రటి తలల ఇనుప మేకులు దిగేసి ఉంటాయి. తోలు పోయినా మేకుల వరస మట్టిలో పాదం ఆకారంలో మిగులుతుంది. బ్రిటన్ ఉత్తరపు సరిహద్దులో విండొలాండా కోట దగ్గర దొరికిన సన్నటి చెక్కపలకల మీది లెక్కల్లో చెప్పు మేకులు కొన్న పద్దు కూడా ఉంది. మన పల్లెల్లో చెప్పులు కుట్టే పెద్దలు పొలం చెప్పులకి దిగేసిన మేకుల్ని చూసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన ఒక ప్రసిద్ధమైన పలకని చేయించినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లినీ భార్యనీ బంధువుల్నీ కలుపుకుని దానం చేశానని పలక మీద రాయించుకున్నాడు. ధాన్యకటకం (నేటి అమరావతి, ధరణికోట) తోలుపనివాడికి రాతిపలక దానమిచ్చేంత స్తోమత, పేరు రాయించుకునేంత పరువు ఉన్నాయి. అతని సంచిలో ఏ మేకులుండేవో, ఏ గుబ్బలుండేవో ఊహించడం మానేసి, మట్టిలో వెతకడం మన పని.

మేకు చదవడంలో నాకు బాగా ఇష్టమైన చిట్కా ఒకటి చెబుతాను. విద్యార్థులు రాసుకోవచ్చు. పాతకాలపు వడ్రంగి మేకుని బల్లలోంచి అవతలికి దిగేసి, పొడుచుకొచ్చిన మొనని వంచి మళ్ళీ కర్రలోకి కొట్టేవాడు, ఊడి రాకుండా. అలాంటి వంగిన మేకు దొరికితే దాని తల నుంచి వంపు దాకా కొలవండి. అదే ఆ బల్ల మందం. బల్ల లేదు, తలుపు లేదు, ఇల్లు లేదు, అయినా మందం మిల్లీమీటర్లలో మన చేతికొచ్చింది. ఇంకొకటి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు పక్కనున్న కర్ర నారలోకి ఆ తుప్పు ఇంకి, నార అచ్చు అలాగే రాయిలా గట్టిపడుతుంది. మేకు ఒంటి మీద అతుక్కున్న ఆ కాస్త ముక్కని సూక్ష్మదర్శిని కింద పెడితే టేకో మద్దో తెలిసే అవకాశం ఉంది. అందుకే మేకుని దొరికిన వెంటనే గీకి, తోమి, మెరిపించకూడదు. మనవాళ్ళు ఉత్సాహం కొద్దీ చేసే మొదటి పని అదే.

కర్ర సంగతి వచ్చింది గనక ఒక మాట. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే, మ్యోస్ హోర్మోస్ రేవుల్లో తవ్వినప్పుడు మన దేశపు టేకు దూలాలు దొరికాయి. విరిగిన ఓడల కర్రని అక్కడివాళ్ళు ఇళ్ళ గోడల్లో వాడుకున్నారు. ఈజిప్టు ఇసుక పొడి నేల, కర్రని దాచింది. మన కృష్ణ ఒడ్డు తడి నేల. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో ఎండుతుంది, మధ్యలో చెదలు. మన కర్ర మిగలలేదు. నాగార్జునకొండలో, అమరావతిలో మనం చూసే రాతి స్తంభాల మీద ఒకప్పుడు నిలిచిన కర్రపనికి ఇవాళ సాక్ష్యం చెప్పగలిగేవి రెండే రెండు: శిల్పంలో చెక్కిన బొమ్మలు, మట్టిలో పడ్డ ఇనుము. శాతవాహనుల కాలం ఊళ్ళలో తరచూ దొరికే ఇంటి పెంకులు చూడండి. బల్లపరుపుగా ఉంటాయి, నీరు జారడానికి గాళ్ళుంటాయి, ఒక కొసన రెండు చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లోంచి మేకో కర్రచీలో దిగేసి పెంకుని వాసానికి బిగించారు. పెంకులు వేలకొద్దీ దొరుకుతున్నాయంటే ఆ ఊళ్ళో ఎన్ని మేకులు కావలసి వచ్చాయో మీరే లెక్క వేసుకోండి. ఎన్ని మేకులంటే అన్ని సమ్మెట దెబ్బలు. కమ్మరి కొలిమి ఆనవాళ్ళు కరీంనగర్ వైపు పెద్దబంకూరులో స్పష్టంగా బయటపడ్డాయి. మన వైపు నాగార్జునకొండ లోయ విజయపురిలో స్వర్ణకారుడి దుకాణం దొరికింది, మూసలు, గీటురాయి, నగల అచ్చులతో సహా. కమ్మరి దుకాణాన్ని అంత ప్రేమగా వెతికినవాళ్ళు తక్కువ.

ఇక్కడే అసలు ప్రశ్న. గుంటూరు, ప్రకాశం నేలలో దొరికే ఈ మేకుల్లో రోమన్ మేకు ఏదైనా ఉందా? నా జవాబు: వెతకవలసింది అది కాదు. రోమ్ నుంచి ఇనుము మనకి రాలేదు, మన దేశం నుంచే బయటికి పోయింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు నావికుడి గ్రంథం ‘పెరిప్లస్’ ఎర్రసముద్రపు రేవుకి ఇండియా ఇనుము, ఉక్కు దిగుమతి అవుతున్నాయని రాసింది. మన రేవులకి రాగి, తగరం, సీసం వస్తున్నాయనీ అదే గ్రంథం రాసింది. ఇనుప ఖనిజం మనకి కొరత కాదు. ఒంగోలు పక్కన కొణిజేడు, మర్లపాడు కొండల్లో మాగ్నటైట్ ఉంది. ఇనుము మన సరుకు గనక మేకు మన కమ్మరిది. రాగి మేకు, కంచు గుబ్బ, సీసపు బిళ్ళ దొరికితే మాత్రం లోహం ఏ గనిదో అడగాలి. సీసంలోని ఐసోటోపుల పాళ్ళు చూసి గనిని పోల్చే పద్ధతి ఉంది.

అక్కడా ఒక తిరకాసుంది. ఇండియాకి రాగీ లేదు, సీసమూ లేదు, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి కొనుక్కుంటుందని ప్లినీ రాశాడు. ఆ పెద్దమనిషి వినుకొండ వైపు వచ్చుంటే బాగుండేది. బొల్లాపల్లి మండలం అగ్నిగుండాల దగ్గర నల్లకొండలో రాగి, బండలమొట్టులో సీసం ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో బండలమొట్టు సీసాన్ని హిందూస్థాన్ జింక్ తవ్వి తీసింది. రోమన్ బంగారం దొరికిన వినుకొండకి సీసపు కొండ పొరుగూరి దూరంలో ఉందన్నమాట. శాతవాహనులు సీసంతో నాణేలు పోసిన రాజులు. పుస్తకంలో ఉంది గదా అని విదేశీ సీసమనో, అభిమానం కొద్దీ మన సీసమనో తేల్చెయ్యకుండా నాణెం వెంట నాణెం పరీక్ష చెయ్యాలి.

మరి ఓడల మేకుల మాటేమిటి? మధ్యధరా సముద్రం ఓడలకి బల్లల అంచుల్లో గాడి తొలిచి, లోపల కర్రముక్క దూర్చి అతికేవారు, రాగి మేకులు దిగేసేవారు, కొన్నిటికి అడుగున సీసపు రేకు తొడిగేవారు. ఇటలీలో నెమి సరస్సు నీళ్ళు తోడించి 1929-32 మధ్య బయటికి తీసిన కలిగులా చక్రవర్తి పెద్ద నావల దూలాల కొసలకి కంచుతో పోసిన సింహం, తోడేలు తలలున్నాయి, నోట్లో కడియాలతో. ఆ నావలు 1944 యుద్ధంలో కాలిపోయాయి. కంచు తలలు మిగిలాయి. కర్ర పోయి లోహం మిగలడం అక్కడా అదే కథ.

మన తీరంలో తంతు వేరు. నిజాంపట్నం, చీరాల, కొత్తపట్నం వైపు పెద్దవాళ్ళని అడగండి, అల తాకిడికి తట్టుకునే పడవకి ఇనుము ఎందుకు పనికిరాదో చెబుతారు. కోరమాండల్ తీరమంతా ఒకప్పుడు నడిచిన మసూలా పడవకి ఒక్క మేకు ఉండదు. బల్లలకి చిల్లులు వేసి కొబ్బరితాడుతో కుట్టేవారు. అల విసిరికొట్టినప్పుడు బిగించిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకుని ఊరుకుంటుంది. అరేబియా సముద్రం మీది కుట్టు పడవల్ని పెరిప్లస్ కూడా చూసింది. ఓడ అడుగున ఇనుము వాడితే సముద్రంలో అయస్కాంత శిలలు లాగేస్తాయని భోజుడి పేరున ఉన్న ‘యుక్తికల్పతరువు’ భయపెట్టింది. కారణం కట్టుకథే, పద్ధతి మాత్రం అనుభవంలోంచి వచ్చింది. శాతవాహనుల ఓడ బొమ్మ నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న పెద్ద నావ కనిపిస్తుంది. దాన్ని కుట్టారో మేకులతో బిగించారో బొమ్మ చెప్పదు. అందుచేత రేవు తవ్వకంలో మేకు దొరకనంత మాత్రాన ఓడ రాలేదని అనుకోవడానికి లేదు. దొరికితే మాత్రం అది గోదాం తలుపుదా, సరుకు పెట్టెదా, దూరదేశపు నావదా అని మూడు ప్రశ్నలూ అడగాలి.

రేవు అన్నాను గదా. 1962 నుంచి 1965 వరకు ధరణికోటలో ఎం.వెంకటరామయ్య, కె.రాఘవాచారి గార్లు జరిపిన తవ్వకాల్లో కృష్ణలోకి వెళ్ళే పడవల కాలువ, దాని గట్టున సరుకు దింపే రేవుకట్ట బయటపడ్డాయి. మొదట కర్రతో కట్టారు, తర్వాత ఇటుకతో కట్టారు. సముద్రానికి ఇంత దూరాన, నదీ తీరంలో, రాజధాని గుమ్మంలో రేవు! మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక వాక్యమైనా దక్కాలి. కేరళలో పట్టణం అనే ఊళ్ళో రేవు తవ్వినప్పుడు దోనె, పడవ కట్టే గుంజలు దొరికితే దేశమంతా మాట్లాడుకుంది. ధరణికోట కర్రకట్ట అంతకు నలభై ఏళ్ళ ముందే దొరికింది. దాని గురించి గుంటూరులోనే చాలామందికి తెలియదు. తప్పు ధరణికోటది కాదు.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. మనకి ‘రోమన్’ అనే ముద్ర తగిలించడం సరదా. నాగార్జునకొండలో మెట్ల వరసల మధ్య దీర్ఘచతురస్రపు ఆటస్థలం ఉంది, రోమన్ నాట్యశాల అంటారు. స్తంభం మీద గడ్డంతో, కొమ్ముపాత్రతో ఒక బొమ్మ ఉంది, గ్రీకుల మద్యదేవత అంటారు. బొమ్మ విషయంలో నేనూ కొంత ఒప్పుకుంటాను. మెట్ల విషయంలో కొండవాలు ఉన్న ప్రతి దేశంలోనూ మనుషులు మెట్లు కట్టుకుని కూర్చున్నారని గుర్తుచేస్తాను. మేకు దగ్గర ఈ సరదా బొత్తిగా పనికిరాదు. ఎందుకంటే చేత్తో కొట్టిన ఇనుప మేకు రూపం రెండువేల ఏళ్ళుగా మారలేదు. ఎర్రగా కాల్చిన కడ్డీని నాలుగు పక్కలా కొట్టి సన్నం చెయ్యడం, కావలసినంత పొడుగున గాటు పెట్టడం, చిల్లు ఉన్న ఇనుప దిమ్మలో దూర్చి విరవడం, మిగిలిన మొద్దు మీద నాలుగు దెబ్బలతో తల చెయ్యడం. రోమన్ కమ్మరి చేసింది ఇదే, ధాన్యకటకం కమ్మరి చేసింది ఇదే, మన తాతల నాటి కమ్మరి ఒంగోలు గిత్తలకి లాడాలు కొట్టడానికి చేసిందీ ఇదే. గుండ్రటి ఒళ్ళున్న తీగమేకు పందొమ్మిదో శతాబ్దపు యంత్రాలది, దాన్ని చటుక్కున వేరు చెయ్యొచ్చు. పలకల మేకు మాత్రం నాగార్జునకొండ ఇక్ష్వాకులదీ కావచ్చు, 1930 నాటి బండిదీ కావచ్చు. వయసు చెప్పేది మేకు కాదు, అది దొరికిన పొర.

ఆ పొరతోనే మన నేలలో పేచీ. ఈ సభలో రేగడిలో పత్తి వేసినవాళ్ళున్నారు, మీకు నేను చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో చేలో నెర్రె లోపల చెయ్యి పెడితే భుజం దాకా పోతుంది. పైన పడ్డ మేకు ఆ నెర్రెలో జారిపోతుంది. తొలకరికి నేల ఉబ్బి మూసుకుంటుంది. మళ్ళీ వేసవికి ఇంకాస్త. ఇలా తాత బండి మేకు దిగి దిగి శాతవాహనుల కుండపెంకుల సరసన కూర్చుంటుంది. ఉబ్బిన నేల అడుగు మట్టిని పైకి నెడుతుంది గనక కిందవి కొన్ని పైకీ వస్తాయి. రేగడి నేల తన పొరల్ని తానే కలిపేసుకుంటుంది. కంకర నేలలో, రాతికట్టడం కింద, ఇటుక నేల కింద మూతపడి దొరికిన మేకు నమ్మదగిన సాక్షి. నల్లరేగడిలో విడిగా దొరికిన ఒంటరి మేకు చెప్పే మాటని సగమే నమ్మాలి. పది మేకులు ఒకే వరసలో, ఒకే ఎడంతో దొరికితే నమ్మొచ్చు, ఎందుకంటే నెర్రెలు వరస పాటించవు. అందుకే మేకుల్ని ఏరి సంచిలో పొయ్యడం కాదు, ప్రతి మేకూ ఏ మూలన ఏ లోతున ఏ వైపు తల పెట్టి ఉందో పటంలో గుర్తించడం ముఖ్యం. తక్షశిల తవ్వకాల మీద జాన్ మార్షల్ 1951లో అచ్చువేసిన మూడు సంపుటాల నివేదికలో ఇనుప మేకులకీ, బందులకీ, కొక్కేలకీ వేరువేరు వర్గాలున్నాయి, బొమ్మలున్నాయి. మన కృష్ణాతీరపు ఇనుముకి ఆ మర్యాద దక్కాలి.

నెర్రెల కంటే పెద్ద ప్రమాదం మన చేతుల్లోనే ఉంది. ప్రతి పాత ఊరికీ పాటిదిబ్బ ఉంటుంది. పాటిమన్ను చేనుకి బలమని బళ్ళతో తోలుకోవడం తరతరాల అలవాటు. వందల ఏళ్ళ పేడ, బూడిద, చెత్త కలిసిన మన్ను గనక నిజంగానే బలం. రైతుని తప్పుపట్టను. బండితో తోలిన రోజుల్లో దిబ్బ ఒక తరం పాటు ఉండేది. ఇప్పుడు పొక్లెయినరు వచ్చాక ఒక వేసవిలో దిబ్బ ఉన్న ఆనవాలు లేకుండా పోతోంది. ఇటుకబట్టీకి కొంత, రోడ్డు కట్టకి కొంత. బుద్ధుడి పేరున్న దిబ్బలకి కంచె పడింది: భట్టిప్రోలు, అమరావతి, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం. స్తూపం చుట్టూ బతికిన మామూలు జనం ఊళ్ళకి కంచె లేదు. మేకులన్నీ అక్కడే ఉన్నాయి. దేవుడికీ రాజుకీ రాయి, జనానికి కర్ర. కర్రతో పాటు మేకు. ధాన్యకటకానికి పత్తి తోలిన బండి, ఆ పత్తి వడికిన ఇల్లు, బట్ట పెట్టిన పెట్టె, వీటి ఆనవాలు దొరికితే పాటిదిబ్బలోనే దొరకాలి. మసాలియాలో సన్నబట్టలు విస్తారంగా నేస్తారని పెరిప్లస్ రాసిన ఒక్క వాక్యాన్ని మనం నూరేళ్ళుగా చెప్పుకుంటున్నాం. ఆ మగ్గం ఇరుసు ఎక్కడ దొరుకుతుందని అడగలేదు.   

చట్టం సంగతి కూడా చెబుతాను, చాలామంది భయపడి దాచేస్తారు గనక. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. చెప్పినవాడికి నష్టం చెయ్యడం ఆ చట్టం ఉద్దేశం కాదు, సొంతదారు తేలని నిక్షేపంలో దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని రాసి ఉంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే వెల కట్టి తీసుకోవాలి. నెల్లూరు రైతు కాలంలో ఈ చట్టం లేదు. తుప్పుపట్టిన మేకుకి 10 రూపాయలు ఎవరూ కట్టరు గనక చట్టానికి దాని మీద ఆసక్తి తక్కువ. అందుకే ఆ బాధ్యత మన మీద పడుతుంది.

నా అభ్యర్థనలు చెప్పి ముగిస్తాను.

విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు: కొత్త తవ్వకానికి డబ్బు లేదని ఎదురుచూడకండి. పాత తవ్వకాల ఇనుము గోదాముల్లో గోనెసంచుల్లో ఉంది. ఒక విద్యార్థికి ఒక సంచి ఇవ్వండి. ప్రతి మేకూ కొలిచి, తూచి, బొమ్మ గీసి, వీలైతే ఎక్స్‌రే తీయించి ఎం.ఏ. వ్యాసంగా అచ్చువెయ్యండి. తుప్పు గడ్డ లోపలి ఆకారం ఎక్స్‌రేలో కనిపిస్తుంది, గీకనక్కర్లేదు.

ఇంజనీరింగ్ కళాశాలల లోహశాస్త్రం మాష్టార్లకు: ఒక మేకు కోసి లోపలి చిట్టెం గీతలు చూస్తే ఏ కొలిమి పద్ధతో తెలుస్తుంది. కొణిజేడు ఖనిజంతో పోల్చి చూడండి. రెండు శాఖలూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి, ఒక కప్పు టీ దూరం.

కమ్మరి పని ఇంకా తెలిసిన పెద్దల ఇళ్ళకి వెళ్ళగల కుర్రాళ్ళకు: ట్రాక్టరు వచ్చాక కొలిమి చల్లారింది. దాగలి, సమ్మెట, తిత్తి, పట్టకారు, పొన్ను, పట్టా, కడసీల, ఏది ఎలా చేసేవారో, ఏ మేకు దేనికో వీడియో తీసి భద్రం చెయ్యండి. తవ్వకంలో దొరికిన వస్తువుని చూసి ఇది ఫలానాదని చెప్పగలిగేది వాళ్ళే. వాళ్ళకిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు.

రైతులకు: డ్రిప్పు గొట్టాలకి కాలువ తీస్తున్నప్పుడో, పాటిమన్ను తోలుతున్నప్పుడో పెద్ద ఇటుకలు, నల్లకుండ పెంకులు, తుప్పుగడ్డలు కలిసి కనిపిస్తే ఒక్క గంట మిషను ఆపండి. తోమకండి, కదపకండి. చోటు గుర్తుండేలా ఫోను కెమెరాతో నాలుగు ఫొటోలు తీసి, ఊరు, సర్వే నంబరు, లోతు రాసి తహసీల్దారు ఆఫీసులో ఇవ్వండి, మీ ఊరి హైస్కూలు సోషల్ టీచరుకి కూడా ఒక కాపీ పంపండి.